రెండో గ్లౌజు సంగతి ముందే చూసుకోవాలి

లేసుల బాక్సింగ్ గ్లౌజుల్లో మొదటిది తొడుక్కోవడం ఎవరికైనా వస్తుంది. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి బూటు లేసు కట్టుకున్నట్టే కట్టేసుకోవచ్చు. చిక్కంతా రెండో దానితోనే. అప్పటికి లేసు పట్టుకోవడానికి మీకు వేళ్లు ఉండవు.

నాలుగేళ్ల పాటు నా గ్లౌజులు తమ్ముడే కట్టేవాడు. "అక్కా, ఇంకొంచెం బిగించనా?" అని అడుగుతూ, నేను చాలనేదాకా లాగి ముడి వేసేవాడు. ఉద్యోగం వచ్చి వాడు వేరే ఊరు వెళ్లిపోయాక, తెల్లవారుజామున ఐదింటికి నేనూ పంచింగ్ బ్యాగూ మిగిలాం. మొదటి వారం రెండో గ్లౌజు లేసుల్ని పళ్లతో పట్టి లాగాను. నాలుగో రోజు ముందు పన్ను అంచు విరిగింది. ఆ తర్వాత మూడేళ్లుగా పళ్లు పెట్టకుండానే తొడుక్కుంటున్నాను. మొదట్లో పావుగంట పట్టేది, ఇప్పుడు నాలుగు నిమిషాలు చాలు.

ఈ మూడేళ్లలో నాకు అర్థమైనది ఒకటే. వేళ్లు రెండు చేతులకీ ఆడుతున్నప్పుడే రెండో గ్లౌజు పని ముప్పాతిక భాగం అయిపోవాలి. మొదటిది తొడుక్కున్నాక రెండోదాని గురించి ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఇంత తంటా ఎందుకు, వెల్క్రో గ్లౌజులు కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోవచ్చు. ఒంటరిగా సాధన చేసేవాళ్లకి అదే తేలిక. కానీ వెల్క్రో పట్టీ మణికట్టుని ఒక్క చోట బిగిస్తుంది. లేసు అరచేతి మొదలు నుంచి గ్లౌజు అంచు దాకా వరసగా, ఎక్కడ ఎంత కావాలో అంత బిగుస్తుంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. హుక్ (చెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) కొట్టినప్పుడు పిడికిలి కొంచెం పక్కకి వంగినా ఆ బరువంతా వాటి మీదే పడుతుంది. నా ఎడమ మణికట్టు ఒకసారి అలాగే బెణికి ఆరు వారాలు బాధపెట్టింది. అప్పటి నుంచి నాకు లేసుల మీదే నమ్మకం.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఈ గ్లౌజు తయారైందే ఇద్దరు మనుషులు ఉంటారన్న లెక్కతో. ప్రొఫెషనల్ బాక్సర్లు తమ గ్లౌజులు తాము కట్టుకోరు. వాళ్ల మనిషి లేసులు కట్టి, ముడి మీద టేపు చుడతాడు. ఆట మధ్యలో ఆ టేపు ఊడి వేలాడితే రిఫరీ ఆట ఆపి, సరిచేయించుకు రమ్మని మూలకి పంపిస్తాడు. ఇప్పటి బాక్సింగ్‌కి మూలమైన, 1867లో అచ్చయిన క్వీన్స్‌బెరీ నియమాల్లోనే గ్లౌజు పగిలినా, ఊడిపోయినా రిఫరీకి తృప్తి కలిగేలా మార్చాలని రాసి ఉంది. అందుకే ఒంటరిగా కట్టుకోవడం రాకపోతే మీలో లోపం ఉందనుకోకండి. ఆ రెండో మనిషి చేసే పని దేనితో చేయించాలో చూసుకుంటే చాలు. నాకు ఆ పని గోడకున్న ఒక కొక్కెం చేసిపెడుతోంది.

ముందు రోజు రాత్రి పనితో మొదలుపెడదాం. అసలు పని ఇదే, తీరిగ్గా చేయండి.

గ్లౌజు లోపల ఉండే గుడ్డ పట్టీలు చేతికి చుట్టుకోండి. రేపు ఎలా చుట్టుకుంటారో సరిగ్గా అలాగే. పట్టీలు లేకుండా కొలత చూస్తే రేపు చెయ్యి లోపలికి దూరదు. నేను 180 అంగుళాల పట్టీ వాడతాను. అంటే దాదాపు నాలుగున్నర మీటర్లు. ఇప్పుడు కుడి గ్లౌజు ఒక్కటే తొడుక్కోండి. ఎడమ చేతి వేళ్లు ఖాళీగానే ఉన్నాయి కదా, వాటితో లేసుని కింది కన్నాల నుంచి, అంటే అరచేతి వైపు నుంచి, బిగిస్తూ రండి. సగం దాకా వచ్చాక ఆగి, రెండు లేసుల్నీ కలిపి అక్కడే ఒక సాదా ముడి వేయండి. ఇక ఆ కింది సగం బిగువు మళ్లీ వదులు కాదు. పై సగం, గ్లౌజు అంచు దగ్గరి మూడు నాలుగు వరసలు మాత్రం బాగా వదులు చేయండి. చెయ్యి బయటికి తీసి మళ్లీ పెట్టి చూడండి. కాస్త బలం పెట్టి తోస్తే దూరాలి. దూరకపోతే ముడిని ఒక కన్నం కిందికి జరపండి. మరీ సులువుగా జారిపోతే ఒక కన్నం పైకి జరపండి.

తర్వాత కుడి గ్లౌజు తీసేసి, ఎడమదానికీ ఇలాగే చేయండి. ఒక్కో గ్లౌజు విడిగా, రెండో చెయ్యి ఖాళీగా ఉండగానే అమరుతుంది. నాకు ఈ మాట తట్టడానికి నెల పట్టింది. అంతవరకూ రెండు గ్లౌజులూ ఒకదాని వెంట ఒకటి కడుతూ, రెండోదాన్ని మొదటిదానితో బిగించాలని కుస్తీ పడేదాన్ని.

ఇప్పుడు మీరు రెండోదిగా తొడుక్కునే గ్లౌజు లేసు కొసలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే రేపు ఒక వైపే బిగుస్తుంది. సమానంగా లాగి, రెండు కొసల్నీ కలిపి చివర గట్టి ముడి వేయండి. అప్పుడు అది పెద్ద ఉచ్చులా వేలాడుతుంది. దానితోనే రేపటి పని.

ఏ చేతికి ముందు తొడుక్కోవాలి? చాలామంది కుడిచేతివాటం వాళ్లు ఎడమ చేతికి ముందు తొడుక్కుంటారు, కుడి చేతి వేళ్లతో ముడి చక్కగా పడుతుందని. నేనూ అదే చేస్తాను కానీ కారణం వేరు. బెణికింది నా ఎడమ మణికట్టు. వేళ్లతో కట్టిన ముడికి ఉన్న బిగువు ఇంకే పద్ధతిలోనూ రాదు, కాబట్టి అది దెబ్బతిన్న చేతికే దక్కాలి. మీకు కుడి మణికట్టు బలహీనమైతే కుడి గ్లౌజే ముందు తొడుక్కుని, ఎడమ చేత్తో కాస్త ఓపిగ్గా కట్టుకోండి. ఏ మణికట్టుకీ దెబ్బ లేకపోతే మీకు అలవాటైన చేత్తో కట్టుకోండి.

పొద్దున లేచి పట్టీలు చుట్టుకున్నాక, గ్లౌజుల జోలికి వెళ్లేముందు ఇవి చేసుకోండి: నీళ్ల సీసా మూత తీసి స్ట్రా పెట్టుకోవడం, మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విరామం వచ్చేలా టైమర్ పెట్టుకోవడం, తలుపు గడియ, జుట్టు, ముక్కు తుడుచుకోవడం. నవ్వకండి, గ్లౌజులు వేసుకున్నాకే ముక్కు దురద పెడుతుంది.

తర్వాత టేపు. క్రీడాకారులు వాడే గుడ్డ టేపు రెండు ముక్కలు చింపండి. ఒక్కోటి గ్లౌజు అంచు చుట్టుకొలత కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ ఉండాలి. ప్రతి ముక్కకీ ఒక కొసని అర అంగుళం లోపలికి మడవండి, అక్కడ అంటుకోకూడదు. విప్పేటప్పుడు ఆ మడతే పనికొస్తుంది. మడవని కొసని బల్ల అంచుకి అడుగు వైపు కొంచెం అంటించి, మిగతాది కిందికి వేలాడనివ్వండి. జిగురు వైపు మీ వైపే ఉండాలి.

ఇప్పుడు మొదటి గ్లౌజు. చెయ్యి దూర్చి, వేళ్లు చివరిదాకా వెళ్లాయో లేదో పిడికిలి బిగించి చూసుకుని, పై వరసలు బిగించి, లేసుల్ని అంచు చుట్టూ ఒక చుట్టు తిప్పి ముడి వేయండి. ముడి మణికట్టు వెనక వైపు ఉంటే మంచిది. లోపలి వైపు ఉంటే దెబ్బలు కాచుకునేటప్పుడు ఒత్తుకుంటుంది. కొసలు చుట్టు కిందికి దోపి, ఒక టేపు ముక్క వేయండి. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

రెండో గ్లౌజుకి వద్దాం. దాన్ని మోకాళ్ల మధ్య నోరు పైకి వచ్చేలా పట్టుకుని, చెయ్యి నిటారుగా లోపలికి దించండి. మొదటి గ్లౌజుతో అంచుని అటూ ఇటూ కదిలిస్తే పట్టీ మడతపడకుండా దిగుతుంది. లేసుల ఉచ్చు బయటే వేలాడుతుండాలి, చేతి కింద నలగకూడదు. ఇప్పుడు ఆ ఉచ్చుని నడుము ఎత్తులో ఉన్న కొక్కేనికి తగిలించండి. కొక్కెం లేకపోతే తలుపు పిడి సరిపోతుంది. తలుపు మూసి ఉండాలి, మీరు లాగితే తెరుచుకునే వైపు నిలబడకూడదు. కొక్కెం మీ మోచేతికి వెనకగా వచ్చేలా నిలబడి, పిడికిలి బిగించి, మణికట్టు వంచకుండా, చేతిని మెల్లగా ముందుకి చాపండి. నిదానంగా పంచ్ విసురుతున్నట్టు. లేసు మోచేతి వైపుకి లాగబడుతుంది, గ్లౌజు చేతి మీదికి ఇంకా లోతుగా ఎక్కుతుంది, పై వరసలన్నీ ఒకేసారి బిగుస్తాయి.

ఇక్కడ తొందరపడకండి. గుంజితే కన్నాల దగ్గర తోలు చిరుగుతుంది. నా పాత జతలో రెండు కన్నాలు అలాగే పోయాయి. ఒకసారి మెల్లగా లాగి, వదులు చేసి, పిడికిలి తెరిచి మూసి, మళ్లీ లాగండి. రెండోసారి లాగినప్పుడే అసలు బిగువు వస్తుంది.

బిగువు చాలనిపించగానే మొదటి గ్లౌజుతో లేసుల్ని అంచు దగ్గర నొక్కిపట్టి, ఉచ్చుని కొక్కెం నుంచి తప్పించండి. గ్లౌజు బొటనవేలిని ఉచ్చులో దూర్చి, ఆ బిగువు వదలకుండా మణికట్టు చుట్టూ తిప్పండి. లేసు పొడుగుని బట్టి ఒక చుట్టో రెండు చుట్లో వస్తాయి. మిగిలిన కొసని పొట్టకి ఆనించి నొక్కిపట్టుకుని బల్ల దగ్గరికి నడవండి. వేలాడుతున్న టేపు మీద గ్లౌజు అంచుని ఆనించి, మణికట్టుని బల్ల అంచు వెంబడి దొర్లించండి. చపాతీ కర్ర దొర్లినట్టు. టేపు దానంతట అదే చుట్టుకుంటుంది. చివరికి రెండు గ్లౌజుల్నీ ఒకదానికొకటి రుద్ది గట్టిగా అంటించండి. మొదటి రెండు మూడు రోజులు టేపు వంకరగా పడుతుంది. నాకూ పడింది. లేసు కొస బయటికి రాకుండా ఉంటే చాలు.

ఇప్పుడు బిగువు సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఈ పని మాత్రం మానొద్దు. గ్లౌజు అంచుని మోకాళ్ల మధ్య పట్టి చేతిని మెలితిప్పండి. లోపల చెయ్యి తిరుగుతూ గ్లౌజు తిరగకపోతే వదులుగా ఉన్నట్టు. బ్యాగ్ మీద నెమ్మదిగా పది దెబ్బలు వేయండి. మణికట్టు ఏ వైపైనా వంగితే ఆగి మళ్లీ కట్టుకోండి. వేళ్ల కొసల్లో తిమ్మిరి గానీ చిమచిమలు గానీ మొదలైతే మరీ బిగిసినట్టు. రౌండు పూర్తి చేసి చూద్దాం అనుకోకుండా వెంటనే విప్పేయండి.

ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి, లేసుల గ్లౌజుని వెల్క్రోగా మార్చే పట్టీ. కన్నాల్లో లేదా లేసుల్లో తగిలించుకునే కొక్కేలు, వాటి మీద చుట్టే వెల్క్రో, అంతే. బాగానే పనిచేస్తుంది. దాని కొసకి ఒక గుడ్డ ఉంగరం కుట్టుకోండి, గ్లౌజు బొటనవేలు అందులో దూర్చి లాగొచ్చు. ఆ కుట్టు లేక నా స్నేహితురాలు మళ్లీ పళ్ల దగ్గరికే వెళ్లింది. రెండోది, నూలు లేసు తీసేసి సాగే లేసు వేయడం. చెయ్యి దూర్చి బయటికి తీయడమే, ఏ ముడీ అక్కర్లేదు. బ్యాగ్ మీద తేలికపాటి రౌండ్లకి పరవాలేదు. గట్టిగా కొట్టే రోజున మాత్రం నేను దాన్ని నమ్మను. సాగేది ఎప్పటికైనా సాగుతుంది, బలమైన దెబ్బ పడే క్షణంలోనే సాగుతుంది.

స్పారింగ్‌కి, అంటే ఇంకో మనిషితో తలపడే సాధనకి మాత్రం పై పద్ధతులు ఏవీ వద్దు. ఎదుటి మనిషి ఉన్నారు కాబట్టి వాళ్లనే కట్టమనండి, వాళ్లవి ఇంకెవరితోనైనా కట్టించండి. ఊడిన లేసు కొస, వెల్క్రో అంచు ఎదుటివాళ్ల కంటికి తగిలితే జరిగే నష్టం మీ నాలుగు నిమిషాల కన్నా చాలా పెద్దది.

విప్పడం గురించి ఎవరూ చెప్పరు, కానీ తొడుక్కోవడం కన్నా ముందు నేర్చుకోవాల్సింది అదే. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారితే, తలుపు ఎవరైనా బాదితే, నిమిషంలో చేతులు బయటికి రావాలి. టేపు కొసకి వేసిన మడతని బల్ల అంచుకి రాస్తే పైకి లేస్తుంది, దాన్ని అవతలి చేతి గ్లౌజు బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి లాగండి. చుట్లు వదులవగానే గ్లౌజుని మోకాళ్ల మధ్య గట్టిగా పట్టి చెయ్యి పైకి లాగేయండి. ఒక చెయ్యి వచ్చిందంటే రెండోది క్షణం పని. కత్తెర జోలికి మాత్రం పోవద్దు. గ్లౌజుతో కత్తెర పట్టుకుంటే కోసుకునేది లేసుని కాదు, పట్టీని, దాని కింది చర్మాన్ని. కొత్తగా ఈ పద్ధతి మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజు బ్యాగ్‌ని ముట్టుకోకుండా, ఐదుసార్లు తొడుక్కుని ఐదుసార్లు విప్పండి చాలు.

అయిపోయాక చెమట ఆరేలా గ్లౌజుల నోళ్లు తెరిచి గాలి తగిలే చోట పెట్టండి. మధ్య ముడి విప్పకండి, అదే మీ కొలత. పై వరసలు వదులు చేసి, రెండోదిగా తొడుక్కునేదాని ఉచ్చు ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసి, అలాగే కొక్కేనికి తగిలించండి. రేపు పొద్దున చీకట్లో వెతుక్కునే పని ఉండదు.