పంది వెంట్రుకల షేవింగ్ బ్రష్‌తో నురగ నిలబడడం లేదా? సమస్య - పరిష్కారం

సబ్బు మార్చే ముందు, ఇంకో బ్రష్ కొనే ముందు ఒక్కటి చూసుకోండి. బ్రష్ నిజంగా నానిందా? కుళాయి కింద ఒకసారి తడిపి విదిలిస్తే నానినట్టు కాదు. సింథటిక్ బ్రష్‌కి అది సరిపోతుంది. పంది వెంట్రుక అలా కాదు, నీళ్లను తనలోకి పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు బిరుసుగా ఉండి, నానిన తర్వాతే మెత్తబడుతుంది. గోరువెచ్చని నీళ్లలో కుచ్చు వరకు మునిగేలా ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. స్నానానికి వెళ్తూ నానబెట్టి వెళ్తే, మీరు వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు. కుచ్చును పట్టి ఉంచే జిగురు దెబ్బతింటుంది.

ఈ ఒక్క పని చేయకుండా నెలల తరబడి సబ్బులు మార్చినవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ముందు ఇది చేసి, తర్వాతే కింది భాగాలు చదవండి.

లక్షణం: మొదట చక్కగా వచ్చి, రెండోసారి రాసుకునేసరికి మాయమవుతోంది

సరిగా నానని వెంట్రుకలు నురగలోని నీటినే తాగేస్తున్నాయి. పరిష్కారం పైన చెప్పిందే. బ్రష్ కొత్తదైతే ఇంకో కారణం కూడా ఉంటుంది. పంది వెంట్రుక కొసలు వాడేకొద్దీ రెండు మూడు పాయలుగా చీలతాయి. నురగను పట్టి ఉంచేవి, ముఖానికి మెత్తగా తగిలేవి ఆ చీలిన కొసలే. అందుకు పది నుంచి ఇరవై వాడకాలు పడుతుంది. షేవ్ లేని రోజు కూడా అరచేతిలో నురగ తీసి, కడిగి, పూర్తిగా ఆరనిస్తే ఆ దశ త్వరగా దాటుతుంది. కొన్న వారానికే బ్రష్ బాగాలేదని పక్కన పడేయకండి.

లక్షణం: పెద్ద పెద్ద బుడగలు, లేదా పిండిలా ముద్ద

బుడగలు వస్తే సబ్బు తక్కువైంది, నీళ్లు ఎక్కువయ్యాయి. నానిన బ్రష్‌ను కాస్త పిండి, సబ్బు మీద అరనిమిషం నుంచి నిమిషం దాకా తిప్పండి. ముద్దగా ఉంటే నీళ్లు చాలలేదు. ఐదారు చుక్కలు వేసి తిప్పండి, చూడండి, మళ్లీ వేయండి. పెరుగులా నున్నగా, నిగనిగలాడుతూ కనిపిస్తే ఆపేయొచ్చు.

లక్షణం: ఏం చేసినా నురగ పెరగదు, గిన్నె అంచున విరిగిన పాలలాంటి తెల్లటి తునకలు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఇల్లు మారాను. అదే సబ్బు, అదే బ్రష్, అదే చెయ్యి. నురగ మాత్రం రాలేదు. నీళ్ల మీద అనుమానం వచ్చి డిస్టిల్డ్ వాటర్ తెచ్చి ప్రయత్నించాను. పెద్ద తేడా కనిపించలేదు. నీళ్లలో తప్పేమీ లేదని తేల్చేసుకుని, ఇంకో రెండు సబ్బులు కొన్నాను.

తప్పు నీళ్లలోనే ఉంది. నేను చేసిన పరీక్షే తప్పు. నురగ తీయడానికి వాడింది మంచి నీళ్లే కానీ, బ్రష్‌ను నానబెట్టింది కుళాయి నీళ్లలో. నానిన పంది బ్రష్ వెంట్రుకల్లో, కుచ్చు మొదట్లో చాలా నీళ్లు దాచుకుంటుంది. నేను వేసిన నాలుగు చెంచాల డిస్టిల్డ్ వాటర్ ఆ నీళ్లతో కలిసిపోయింది. అదే కుళాయి నీళ్లతో సింథటిక్ బ్రష్ కొంచెం మెరుగ్గా పనిచేయడంతో తప్పంతా పంది బ్రష్‌దే అనుకున్నాను.

జరిగేది ఇది. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. ఆ మేరకు సబ్బు నురగకు పనికిరాకుండా పోతుంది. ఆ తెట్టు కుచ్చు మొదట్లో పేరుకుని, తర్వాతి షేవ్‌లో మళ్లీ నురగలోకి వస్తుంది.

కాబట్టి పరీక్ష ఇలా చేయండి. మూతున్న రెండు సీసాల్లో ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ సమానంగా పోసి, ఒకే షేవింగ్ సబ్బు నుంచి గీసిన తురుము కొంచెం కొంచెం వేసి గట్టిగా కుదపండి. కుళాయి సీసాలో నురగ తక్కువై, నీళ్లు తెల్లగా మసకబారితే దొంగ దొరికినట్టే. టీడీఎస్ మీటర్‌ను నమ్ముకోకండి. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. కాఠిన్యం తీసేసే సాఫ్ట్‌నర్ యంత్రం నుంచి వచ్చిన నీళ్లకు రీడింగ్ పెద్దగా తగ్గదు, నురగ మాత్రం బాగా వస్తుంది. కాఠిన్యం విడిగా కొలిపించుకుంటే లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు మెత్తటి నీళ్లు, 180 దాటితే చాలా కఠినం అని లెక్క.

ముందు బ్రష్‌ను శుభ్రం చేయాలి. ఒక వంతు వెనిగర్‌కు పది వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి, వెంట్రుకలు మాత్రమే మునిగేలా ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత షాంపూతో మొదలు దాకా వేళ్లతో నలిపి కడిగి, ఆరనివ్వండి. ఆపై నానబెట్టడానికీ, నురగ తీయడానికీ రెండిటికీ ఆర్ఓ నీళ్లో, డిస్టిల్డ్ వాటరో వాడండి. ఒక షేవ్‌కు పెద్ద గ్లాసు చాలు. ముఖం మామూలు కుళాయి నీళ్లతో కడుక్కోవచ్చు. మరిగిస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. కాఠిన్యంలో ఒక భాగమే దాంతో పోతుంది, అందుకే నేను దాని మీద ఆధారపడను. వేరే నీళ్లు దొరక్కపోతే పదార్థాల జాబితాలో టెట్రాసోడియం ఈడీటీఏ ఉన్న సబ్బు చూసుకోండి. అది కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచుతుంది.

మిగతావి

కొత్త బ్రష్ వాసన నాలుగైదు కడుగులకు పోతుంది. మొదట్లో కొన్ని వెంట్రుకలు రాలడం మామూలే. సబ్బు పాతబడి పాడవడం చాలా అరుదు. కుచ్చు మొత్తం పిడి నుంచి ఊడివస్తుంటే అది జిగురు సమస్య. అది నీళ్లతో, సబ్బుతో తీరేది కాదు, మళ్లీ అతికించుకోవాల్సిందే.