పాత రేడియోలో కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్: పరీక్షించడం, మార్చడం

వాల్వు రేడియో చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు పళ్లెం) తిప్పి చూస్తే చాక్లెట్ రంగులో, రెండు కొనలూ సమంగా కోసినట్టుండే గొట్టాల్లాంటి రెసిస్టర్లు కనిపిస్తాయి. అవే కార్బన్ కాంపోజిషన్ రకం. ఈ రోజుల్లో దొరికే కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ నడుము సన్నగా, కొనలు లావుగా ఉంటుంది కాబట్టి రెండూ చూడగానే తెలిసిపోతాయి. అర వాట్ ముక్క సుమారు 9.5 మి.మీ. పొడవు, ఒక వాట్‌ది 14 మి.మీ.

లోపల పూతలూ లేవు, తీగ చుట్లూ లేవు. మెత్తటి కార్బన్ పొడిని మట్టిలాంటి ఇన్సులేటర్ పొడితో, రెజిన్‌తో కలిపి ముద్ద చేసి, అచ్చులో నొక్కి కాలుస్తారు. కాళ్లు నేరుగా ఆ ముద్దలోకే దిగి ఉంటాయి. కరెంటు ఒక కార్బన్ రేణువు నుంచి పక్క రేణువుకు తాకిడి చోట్ల గుండా పోతుంది. కార్బన్ పాలు ఎక్కువైతే ఓమ్స్ తక్కువ, తక్కువైతే ఎక్కువ. దీని మంచీ చెడూ రెండూ ఈ తాకిడి దగ్గరే ఉన్నాయి. వేడికి, తేమకు, ఏళ్ల వాడకానికి రేణువుల మధ్య పట్టు సడలి విలువ పైకి పాకుతుంది. 100 కిలో ఓమ్స్ దాటినవి ముందుగా పాడవుతాయి.

రాయలసీమ పొడి గాలి వీటికి కొంత మేలే. కానీ 2009 అక్టోబరు వరదలో కర్నూలులో నీళ్లు తాగిన సెట్టు చేతికొస్తే ఒక్కొక్కటే కొలుస్తూ కూర్చోవద్దు, మొత్తం మార్చేయండి.

మీటరు పట్టుకునే ముందు ప్లగ్ పీకండి. కరెంటు సరఫరాను నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్ల మీద 250 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేటెడ్ క్లిప్పులతో ప్రతి కెపాసిటర్ మీదా ఐదు సెకన్లు పెట్టి, వోల్టేజి సున్నాకు దిగిందో లేదో మీటరుతో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్టయితే చాసిస్‌కే మెయిన్స్, అంటే ఇంటి కరెంటు, రావచ్చు. దాన్ని ఆన్ చేయాల్సి వస్తే సెట్టును ఇంటి లైను నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇప్పుడు దేన్నీ ఊడదీయకుండానే కొలవండి. సర్క్యూట్‌లో పక్క దారులు ఉంటాయి కాబట్టి మీటరు అసలు విలువకు సమానంగానో తక్కువగానో చూపాలి, ఎక్కువ చూపడానికి వీల్లేదు. అందుకే పసుపు, ఊదా, నారింజ, వెండి చారలున్న 47 కిలో ఓమ్స్, 10 శాతం ముక్క 51.7 కిలో ఓమ్స్ దాటి చూపిందంటే అది పోయినట్టే, ఊడదీసి రుజువు చేసుకోవాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి మీటరును మోసం చేస్తుంది. అంకె నిలకడయ్యేదాకా ఆగి, ప్రోబులు తిప్పి మళ్లీ కొలవండి. తక్కువ చూపితే మాత్రం ఒక కాలు విప్పి కొలవాల్సిందే. మెగ్ ఓమ్ ముక్కను మే నెల అనంతపురం ఉక్కలో చెమట చేతులతో రెండు కాళ్లూ పట్టుకుని కొలిస్తే మీ ఒంటి రెసిస్టెన్స్ కూడా లెక్కలోకి వస్తుంది. చారలను గుడ్డిగా నమ్మవద్దు. వేడికి నారింజ రంగు మాడి గోధుమరంగులా కనిపిస్తుంది, అప్పుడు 47 కిలో ఓమ్స్‌ను 470 ఓమ్స్ అనుకుంటాం. సర్క్యూట్ బొమ్మ ఉంటే అదే నమ్మకం.

ముందు ఆడియో ట్రయోడ్ (శబ్దాన్ని మొదట పెంచే వాల్వు) ఆనోడ్ రెసిస్టర్ చూడండి, సాధారణంగా 220 కిలో ఓమ్స్. అర మిల్లీ ఆంపియర్ పారితే దాని మీద 110 వోల్టులు పడతాయి. వేడి 0.055 వాట్లే కదా అని పావు వాట్‌ది వేస్తారు చాలామంది. చూడాల్సింది వాట్లు కాదు, వోల్టేజి ఓర్పు. పావు వాట్ ఫిల్మ్ రకానికి సాధారణంగా 250 వోల్టులే హద్దు, వాల్వు షార్టయితే సప్లై వోల్టేజి మొత్తం దీని మీదే పడొచ్చు, కాబట్టి ఒక వాట్ మెటల్ ఫిల్మ్ వేయండి. స్పీకర్లో చిటపట, బుస ఉన్నా మొదటి అనుమానం ఈ ముక్క మీదే. డీసీ వోల్టేజి పడ్డ కార్బన్ రేణువుల తాకిడి చోట్లే ఆ శబ్దాన్ని పుట్టిస్తాయి.

స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84 కేథోడ్‌లోని 135 ఓమ్స్ ప్రాంతపు రెసిస్టర్ నల్లగా మాడి ఉంటే ఆగండి. ముందు దశ నుంచి వాల్వు గ్రిడ్‌కు సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకై, వాల్వు ఎక్కువ కరెంటు లాగి ఉంటుంది. కెపాసిటర్ మార్చకుండా రెసిస్టర్ వేస్తే అదీ మాడుతుంది. మామూలుగానే అక్కడ దాదాపు 0.4 వాట్లు ఖర్చవుతుంది, రెండు వాట్ల మెటల్ ఆక్సైడ్ వేయండి.

మంచిగా ఉన్న పాత ముక్క కాలు విప్పేటప్పుడు ముక్కుపటకారుతో కాలును ఒంటి దగ్గర పట్టుకుని, మూడు సెకన్లలో టంకం కరిగించి తీయండి. ఎక్కువసేపు వేడి తగిలితే విలువ జరిగిపోయి మళ్లీ వెనక్కి రాకపోవచ్చు.

ఊడదీసిన వాటిలో విలువ నిలిచినవి పారేయకండి. ఒంటి మొత్తం గుండా కరెంటు పారడం వల్ల ఒక్క క్షణం వచ్చే పెద్ద దెబ్బను సన్నటి ఫిల్మ్ కంటే బాగా తట్టుకుంటాయి. రిలే కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ ఆపే సర్క్యూట్‌లోకి పనికొస్తాయి. చుట్లు లేవు కాబట్టి ఇండక్టెన్స్ కూడా చాలా తక్కువ. హామ్ రేడియో వాళ్లు 1 కిలో ఓమ్, ఒక వాట్‌వి 20 పారలల్‌గా కలుపుకుంటే 50 ఓమ్స్, 20 వాట్ల డమ్మీ లోడ్ (ఏరియల్ బదులు ట్రాన్స్‌మిటర్‌కు తగిలించే భారం) అవుతుంది. తీగ చుట్టిన మామూలు వైర్‌వౌండ్‌తో అది కుదరదు.