చాలా రోజులు తిండి లేని మనిషికి మళ్ళీ తిండి ఎలా మొదలుపెట్టాలి? రీఫీడింగ్ సిండ్రోమ్‌ను ఎలా గుర్తుపట్టాలి?

పది రోజులుగా మెతుకు ముట్టని మనిషి "ఆకలేస్తోంది" అనగానే ఇంట్లోవాళ్ళ ప్రాణం లేచొస్తుంది. ఏదడిగితే అది పెట్టేస్తారు. అలా పెట్టడమే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. తిండి లేనన్నాళ్ళూ శరీరం కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంది. పిండిపదార్థం ఒక్కసారిగా అందగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియంలను కణాల్లోకి లాగేస్తుంది. దాంతో గుండె లయ తప్పొచ్చు, ఊపిరి కష్టమవ్వొచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఆకలితో చిక్కిపోయిన ఖైదీలు తిండి దొరికాక చనిపోతుంటే డాక్టర్లు దీన్ని గమనించారు.

1. ముందు ముప్పు ఎంతో లెక్క చూడండి. కిలోల్లో బరువును ఎత్తుతో, మీటర్లలో, రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు ఉంటే అది 15.6. బీఎంఐ 16 కన్నా తక్కువున్నా, 3 నుంచి 6 నెలల్లో అనుకోకుండా 15 శాతం పైగా బరువు తగ్గినా, 10 రోజులకు మించి దాదాపు ఏమీ తినకపోయినా, రక్తంలో పైన చెప్పిన ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ముందే తక్కువున్నా ముప్పు ఎక్కువే. వీటిలో ఒక్కటి చాలు. బీఎంఐ 18.5 లోపు, 10 శాతం బరువు తగ్గడం, 5 రోజులకు మించి తిండి లేకపోవడం, మద్యం అలవాటు లేదా ఇన్సులిన్, కీమో (క్యాన్సర్ మందులు), ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే మందుల వాడకం: వీటిలో ఏ రెండున్నా అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఏకాదశి ఉపవాసానికి టెన్షన్ పడనక్కర్లేదు.

2. ఆ లెక్కలో ఉంటే తిండి ఇంట్లో మొదలుపెట్టకండి. ఆస్పత్రికి వెళ్ళగానే "ఎన్ని రోజులుగా తినలేదు" అన్నది అడగకపోయినా చెప్పండి. "నీరసంగా ఉన్నాడు, గ్లూకోజ్ ఎక్కించండి" అని మాత్రం పట్టుబట్టకండి. గ్లూకోజ్ బాటిల్ కూడా తిండే. లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో 50 గ్రాముల చక్కెర ఉంటుంది. దానికన్నా ముందు బి1 విటమిన్, అంటే థయమిన్ పడాలి. రక్తపరీక్ష రిపోర్టులో ఫాస్ఫరస్ ఉందో లేదో అడగండి, మామూలు పరీక్షల్లో అది చాలాసార్లు ఉండదు. మొదటి రోజు నార్మల్ వచ్చిందని ఊరుకోకూడదు, పడిపోయేది తిండి మొదలయ్యాకే.

3. కొంచెం కొంచెంగా పెట్టాలి. ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 10 కేలరీలకు మించకుండా మొదలుపెట్టమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. 40 కిలోల మనిషికి అది 400 కేలరీలే. అక్కడి నుంచి 4 నుంచి 7 రోజుల్లో మెల్లగా పెంచుతారు. ట్యూబ్ ఫీడ్‌కూ ఇదే పద్ధతి. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలకు కూడా అందుకే ముందు తక్కువ కేలరీలుండే ఎఫ్-75 అనే పాలు, కుదుటపడ్డాకే ఎక్కువ కేలరీలుండే ఎఫ్-100 ఇస్తారు.

4. తిండి మొదలయ్యాక మొదటి 5 రోజులు కనిపెట్టుకుని ఉండండి. పాదాల వాపు, ఆయాసం, గుండెదడ, లేవలేనంత నీరసం, తిమ్మిర్లు, ఒకటి రెండుగా కనిపించడం, పొంతన లేని మాటలు, ఫిట్స్ దీని గుర్తులు. చాలామంది పొరబడేది వాపు దగ్గర. రెండు మూడు రోజుల్లో బరువు పెరిగితే ఒళ్ళు చేస్తున్నాడని సంబరపడతారు. అంత త్వరగా కండ పట్టదు, అది ఒంట్లో చేరిన నీరు.

5. వీటిలో ఏది కనిపించినా వార్డులో నర్సుకు వెంటనే చెప్పండి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయండి. తిండి తగ్గించాలా, ఫాస్ఫేట్ ఎక్కించాలా అన్నది రక్తపరీక్ష, ఈసీజీ చూసి డాక్టర్లు తేలుస్తారు.