చెప్పు కరవకముందే ఆగండి: దూరపు ట్రెక్కుల్లో పాదాలు, శుభ్రత

శుక్రవారం రాత్రి బెంగళూరు మారతహళ్లిలో బస్సెక్కి, తెల్లారేసరికి కుక్కే సుబ్రహ్మణ్యలో దిగే మనవాళ్లకి బ్యాగు సర్దడం బాగానే వచ్చు. పులిహోర, చెక్కలు, పవర్ బ్యాంకు అన్నీ ఉంటాయి. పాదాల సంగతే ఎవరికీ పట్టదు. నేనూ అంతే. అలిపిరి మెట్లు 3,550 ఉత్తికాళ్లతో ఎక్కినవాణ్ణి, కుక్కే దగ్గరి 1,712 మీటర్ల కుమారపర్వతం నాకో లెక్కా అనుకున్నాను. ఉత్తికాళ్లని ఒరిసే బూటు ఉండదని తట్టలేదు. దిగేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. ఒకటి ఊడి, మళ్లీ పూర్తిగా రావడానికి ఏడాది పట్టింది.

బయల్దేరక ముందు

బూట్లు సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, కొండ మీదా అంతే. ట్రెక్కుకి వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తర్వాత రెండు వారాలు ఆఫీసుకీ, కూరగాయలకీ అవే వేసుకెళ్లండి. వీలైతే బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ ఒకసారి ఎక్కి దిగండి.

గోళ్లు రెండు మూడు రోజుల ముందే తిన్నగా కత్తిరించుకోండి, మూలల్లోకి లోతుగా తీయకండి. కాటన్ సాక్సులు వద్దు. అవి చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, నానిన చర్మం ఇట్టే లేస్తుంది. ఉన్నివో సింథటిక్‌వో మూడు జతలు పెట్టుకోండి: ఒకటి కాళ్లకి, ఒకటి బ్యాగు మీద ఆరడానికి, మూడోది పడుకునేటప్పుడు మాత్రమే.

నడుస్తుండగా

బొబ్బ చెప్పకుండా రాదు. ముందు ఒకచోట వెచ్చగా అనిపిస్తుంది, తర్వాత చురుక్కుమంటుంది. వెచ్చగా ఉన్నప్పుడే ఆగాలి. మనం ఆగం. ముందువాళ్లు వెళ్లిపోతారని, "ఏంట్రా, అప్పుడే అయిపోయావా?" అంటారని మొహమాటం. అననివ్వండి. కూర్చుని బూటు విప్పండి, ఇసుక దులపండి, చెమట తుడిచి పాదం ఆరనివ్వండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించి, ముడత లేకుండా అంటించండి. ముడత పడితే ఆ ముడతే ఇంకో బొబ్బ లేపుతుంది.

దిగడం మొదలుపెట్టే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించండి. పాదం ముందుకి జారి గోళ్లు బూటుకి గుద్దుకోకుండా ఉంటాయి. ఇది తెలిసుంటే నా గోరు దక్కేది.

బొబ్బ లేచేసిందా? చిన్నదైతే ముట్టుకోకుండా కప్పి ఉంచండి. పెద్దదై అడుగు పడనివ్వకపోతే చేతులు సబ్బుతో కడిగి, బొబ్బకీ సూదికీ అయోడిన్ రాసి, అంచున పొడిచి నీరు తీయండి. పైచర్మం పీకొద్దు, దాన్ని మించిన కట్టు లేదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం సూది జోలికి పోవద్దు. చీము పట్టినా, ఎరుపు పైకి పాకినా డాక్టరు దగ్గరికే.

వానాకాలంలో జలగలు ఉంటాయి. ఉప్పు చల్లడం, లైటరుతో కాల్చడం వద్దు, అది కడుపులోది గాయంలోకి కక్కే అవకాశం ఉంది. గోటిని చర్మానికి ఆనించి పక్కకి తోసేయండి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి కాసేపు కారుతుంది. కంగారు లేకుండా ఒత్తి పట్టుకుంటే చాలు.

ఒళ్లు, చేతులు

స్నానం కుదరదు. తడి తువాలుతో మొహం, చంకలు, గజ్జలు, చివరగా పాదాలు తుడుచుకుంటే అర లీటరు నీళ్లు సరిపోతాయి. తొడలు ఒరుసుకునే చోట వేసలిన్ రాయండి. వాగులో సబ్బు వాడొద్దు, నీళ్లు ముంచుకుని 60 మీటర్లు ఇవతలికి రండి. దొడ్డికి కూర్చునేదీ నీటికి అంత దూరంలోనే, 15-20 సెంటీమీటర్ల గుంట తీసి. ఆ తర్వాత చేతులకి సబ్బే. మట్టి చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. తడి టిష్యూలు, ప్యాడ్లు పాతిపెట్టొద్దు, జంతువులు తవ్వేస్తాయి. జిప్ కవర్లో వెనక్కి తెచ్చేయండి.

రాత్రి వేళ్ల సందులు పొడిగా తుడవకపోతే పాసిపోతాయి. ఎంత నిద్ర వచ్చినా ఆ పని అయ్యాకే మూడో జత తొడగండి.

తిరుగు బస్సుకి వదులు చెప్పులు బ్యాగులో పైనే పెట్టుకోండి. బూట్లు కవర్లో గట్టిగా కట్టేయండి. ఏసీ బస్సులో పక్కన కూర్చున్నది ఎంత స్నేహితుడైనా తిట్టుకుంటాడు.