ప్లాట్‌ఫామ్ ఆట కడదాం, 5వ పాఠం: గుంత అవతల ఏముంది?

గత పాఠంలో మన ప్లాట్‌ఫామ్ ఆటకి, అంటే పరిగెత్తుతూ దూకుతూ సాగే వీడియో గేమ్‌కి, మూడు గుంతలు, ఒక ముళ్ల వరుసతో లెవెల్ కట్టమన్నాను. వచ్చినవాటిలో చాలావాటిది ఒకటే జబ్బు: మూడో గుంత దూకినవాడు తిన్నగా ముళ్ల మీద వాలుతున్నాడు. ఈ వారం కదిలే పలకల గురించి చెప్పాలి. అది ఆగనీ, ముందు దీని సంగతి చూద్దాం.

"ఆట కష్టంగా ఉండాలి కదా" అని అడిగారు. ఉండాలి. ఆటగాడు పదిసార్లు చచ్చినా ఫర్వాలేదు, తప్పెక్కడ చేశాడో ప్రతిసారీ అతనికి తెలియాలి. కనపడని ముళ్ల దగ్గర అతను చేసిన తప్పేమీ లేదు.

లెక్క వేయండి. స్క్రీన్ వెడల్పు 256 పిక్సెల్‌లు. ఆటగాడు నడిమధ్యన ఉంటే ముందు కనిపించేది 128. పరుగు ఫ్రేమ్‌కి (అంటే సెకనులో 60వ వంతుకి) 2.5 పిక్సెల్‌లు, జంప్ 40 ఫ్రేమ్‌లు అనుకుందాం. అంటే వాలే చోటు 100 పిక్సెల్‌ల దూరం. మిగిలిన 28 పిక్సెల్‌లు పరిగెత్తడానికి 11 ఫ్రేమ్‌లు. అంటే వాలే చోటు కంటపడిన 11 ఫ్రేమ్‌లకే ఎగరాలి. చూసి వేలు కదపడానికే 15 ఫ్రేమ్‌లు పడుతుంది. ఆగి చూడొచ్చు కదా అంటారా? ఆగితే పరుగు పోతుంది, పరుగు లేకుండా ఆ గుంత దాటలేడు.

నేనైతే కనీసం 24 ఫ్రేమ్‌లు ఉంచుతాను. దగ్గరిదారి: కెమెరా జరిపి ఆటగాణ్ణి ఎడమనుంచి మూడో వంతు దగ్గర పెట్టండి. ముందు 171 పిక్సెల్‌లు కనిపిస్తాయి, 28 ఫ్రేమ్‌లు దొరుకుతాయి. ముళ్లు తీయక్కర్లేదు. 1985 నాటి ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్‌లోలా ఎగిరాక దిశ మారని జంప్ అయితే మాత్రం 24 చాలదు, 40 ఉంచండి.

నేర్పే క్రమానికి 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చూడండి. చివర్లో రెండు మెట్ల జతలుంటాయి. మొదటి జత మధ్య నేల, పడినా ఏమీ కాదు. రెండో జత మధ్య గుంత. దూకడం అదే, ముప్పు మాత్రం కొత్తది. మీ మూడో గుంతకి ముందు కూడా ఇలాంటిదొకటి కట్టండి.

మరి 1986లో జపాన్‌లో వచ్చిన రెండో భాగంలో విషపు పుట్టగొడుగు పెట్టారు కదా? అది మొదటి ఆట బాగా ఆడేసినవాళ్ల కోసం చేసింది. పుట్టగొడుగు మంచిదని వాళ్లకి ముందే తెలుసు కాబట్టే ఆ మోసం పనిచేసింది. మీ ఆటలో ఇంకా ఏదీ నేర్పలేదు, అప్పుడే మోసం వద్దు.

మాయమయ్యే దిమ్మెలు కావాలన్నవాళ్లు మెగా మ్యాన్ 2లో హీట్ మ్యాన్ లెవెల్ ఆడండి. దిమ్మెలు ఎప్పుడూ ఒకే వరుసలో, చప్పుడుతో వస్తాయి. వరుస కంఠస్థం చేస్తే దాటేస్తారు.

చచ్చాక ఒక సెకనులోపు మళ్లీ ఆడనివ్వాలి. చెక్‌పాయింట్, అంటే చచ్చాక మళ్లీ మొదలయ్యే చోటు, గుంతకి ముందే ఉండాలి.

అభ్యాసం: మీ మూడు గుంతలకీ ఈ లెక్క కాగితం మీద వేయండి. తర్వాత మీ ఆట ఎన్నడూ చూడని ముగ్గురితో ఆడించండి. పక్కన కూర్చోండి, నోరు మెదపొద్దు. చచ్చిన ప్రతిసారీ "ఎందుకు పోయావు?" అని మాత్రం అడిగి జవాబు రాసుకోండి. ఒక్క "తెలీదు" వచ్చినా ఆ గుంత మళ్లీ కట్టి, మరో ముగ్గురు కొత్తవాళ్లని వెతకండి.