ఒకే రేసింగ్ గేమ్‌ను రెండు కన్సోళ్లలో పోల్చి చూసే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వంటి ఊళ్లలో కన్సోల్ (టీవీకి కలిపి గేములు ఆడే యంత్రం) కొనాలనుకునేవారు గంటకింత అని తీసుకునే గేమింగ్ పార్లర్‌లో ప్లేస్టేషన్ 5 మీద ఒక రేసు ఆడతారు, స్నేహితుడి ఇంట్లో ఎక్స్‌బాక్స్ మీద ఇంకొకటి ఆడతారు, ఆ తర్వాత ఏది మంచిగ అనిపించిందో దాని పేరు చెబుతారు. ఈ పోలికలో కన్సోళ్ల తేడా కన్నా పార్లర్‌లోని పెద్ద టీవీకీ ఇంట్లోని పాత టీవీకీ ఉన్న తేడాయే ఎక్కువగా బయటపడుతుంది. రేసింగ్ గేమ్ వరకు నా తూకం ఇది: కంట్రోలర్ మీద వేలు కదిలిన క్షణానికీ తెర మీద కారు స్పందించిన క్షణానికీ మధ్య వ్యవధి తక్కువగా ఉండాలి, తెర మీద బొమ్మలు మారే వేగం రేసు పొడవునా ఒకే తీరుగా సాగాలి, బొమ్మ స్పష్టత వాటి తర్వాతే రావాలి. వీటిలో మొదటి రెంటినీ చేతిలో ఉన్న ఫోనుతోనే కొలవవచ్చు.

మొదట, పోలుస్తున్నది నిజంగా ఒకే గేమ్ అవునో కాదో తేల్చుకోవాలి. 2005లో వచ్చిన ‘నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్’ ప్లేస్టేషన్ 2లోనూ ఎక్స్‌బాక్స్ 360లోనూ ఒకే పేరుతో అమ్ముడైంది కానీ, తరం వేరైన ఆ యంత్రాలలో బొమ్మ నాణ్యత ఒకటి కాదు. నేటికీ అదే పరిస్థితి ఉంది. ‘గ్రాన్ టురిస్మో 7’ 2022 మార్చిలో ప్లేస్టేషన్ 4 (పీఎస్4)కూ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)కూ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో పీఎస్4 డిస్కు కొని పీఎస్5లో పెట్టినవారు అప్‌గ్రేడ్‌కు వేరుగా డబ్బు కట్టకపోతే పీఎస్4 రూపాన్నే ఆడుతుంటారు. ‘ఫోర్జా హొరైజన్ 5’ ఎక్స్‌బాక్స్‌కు 2021 నవంబరులోనూ, పీఎస్5కు 2025 ఏప్రిల్‌లోనూ వచ్చింది కాబట్టి దాన్ని ఈ రెంటి మీదా సూటిగా పోల్చవచ్చు. ఇంటర్నెట్ కలపని కన్సోల్‌లో పాత అప్‌డేటే ఉండిపోతుంది కనుక, ఆట మొదలుపెట్టే ముందు రెండు చోట్లా వెర్షన్ నంబరు చూసుకోవాలి.

తర్వాతి పని టీవీ. రెండు కన్సోళ్లను ఒకే గదికి తెచ్చి, ఒకే టీవీకి, ఒకే హెచ్‌డీఎంఐ పోర్టుకు, ఒకే కేబుల్‌తో ఒకదాని తర్వాత ఒకటి కలపాలి. ఒకే పోర్టు అని పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలా టీవీలు పిక్చర్ సెట్టింగులను ఒక్కో పోర్టుకు వేరువేరుగా గుర్తుపెట్టుకుంటాయి. మొదటి పోర్టులో గేమ్ మోడ్ (ఆలస్యాన్ని తగ్గించే టీవీ సెట్టింగు) వేసి ఉండి రెండో పోర్టులో సినిమా మోడ్ వేసి ఉంటే, రెండో కన్సోల్ ఏ తప్పూ లేకుండానే మందకొడిగా కనిపిస్తుంది. పైగా 4కె (బొమ్మ స్పష్టత చాలా ఎక్కువగా ఉండే) టీవీలలో అన్ని పోర్టులకూ ఒకే సామర్థ్యం ఉండకపోవచ్చు. 4కెలో సెకనుకు 120 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు అవసరం. గేమ్ మోడ్ వేసి, కదలికను నునుపు చేసే మోషన్ సెట్టింగును పూర్తిగా ఆపేయాలి. అది ఉన్న ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా తయారు చేసిన ఫ్రేములను ఇరికిస్తుంది, అందువల్ల కొలత చెడిపోతుంది, స్పందన కూడా ఆలస్యమవుతుంది. పార్లర్‌లో అయితే “అన్నా, టీవీ సెట్టింగులు ఒక్కసారి చూస్కుంటం” అని అడిగితే ఎవరూ కాదనరు.

ఇక గేమ్ లోపలి మోడ్‌లు. విడుదల నాటి లెక్క ప్రకారం ఫోర్జా హొరైజన్ 5 ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మీద బొమ్మ స్పష్టతకు ప్రాధాన్యమిచ్చే క్వాలిటీ మోడ్‌లో 4కె, సెకనుకు 30 ఫ్రేములు, వేగానికి ప్రాధాన్యమిచ్చే పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 60 ఫ్రేములు ఇచ్చేది. దానికన్నా తక్కువ సామర్థ్యం ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మీద అవే మోడ్‌లు 1440పి, 30 ఫ్రేములుగానూ 1080పి, 60 ఫ్రేములుగానూ ఉండేవి (1440పి, 1080పి రెండూ 4కె కన్నా తక్కువ స్పష్టత). ఒకచోట క్వాలిటీ, మరొకచోట పెర్ఫార్మెన్స్ పెట్టి పోల్చితే ఫలితానికి విలువ లేదు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు 50 మీటర్లు కదులుతుంది. 30 ఫ్రేముల వద్ద ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య అది 1.67 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది, 60 ఫ్రేముల వద్ద 0.83 మీటర్లు మాత్రమే. బ్రేకు వేయవలసిన చోటును కంటితో పట్టుకోవడంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. అందుకే చిన్న టీవీ ఉన్నవారు సిరీస్ ఎస్‌ను తక్కువగా చూడనవసరం లేదని నా అభిప్రాయం.

పరీక్షకు ఎంచుకునే రేసు కన్సోల్‌ను కష్టపెట్టేదిగా ఉండాలి. ఖాళీ రోడ్డు మీద ఒంటరి కారుతో ఏ కన్సోల్ అయినా బాగానే నడుస్తుంది. వర్షం పడుతుండగా కార్లన్నీ గుంపుగా మొదటి మలుపు తిరిగే చోట అసలు సంగతి బయటపడుతుంది. పీఎస్4నూ పీఎస్5నూ పోల్చేవారు గ్రాన్ టురిస్మో 7లో కస్టమ్ రేసు పెట్టుకుని, 7 కిలోమీటర్ల స్పా ఫ్రాంకర్‌షాంప్స్ ట్రాక్ మీద వానను ఎంచుకోవచ్చు. ఫోర్జాలో ఋతువు వారానికొకసారి మారుతుంది కనుక ఈ వారం ఒకదాన్నీ వచ్చే వారం ఇంకొకదాన్నీ చూసి పోల్చకూడదు. సమయం, వాతావరణం మనమే నిర్ణయించుకునే ఈవెంటు తయారు చేసుకుని రెండు చోట్లా దాన్నే ఆడాలి. కారు, కెమెరా కోణం, డ్రైవింగ్ అసిస్టులు (నడపడంలో గేమ్ చేసే సాయాలు) కూడా ఒకటే ఉండాలి.

ఇప్పుడు కొలత. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉన్న ఫోనును స్టాండు మీదో పుస్తకాల దొంతర మీదో కదలకుండా నిలబెట్టి, రేసు మొదలైన మొదటి అర నిమిషం తెరను చిత్రించాలి. టీవీ వెలుతురును పూర్తిగా పెంచితే మినుకు తక్కువగా ఉంటుంది. తర్వాత ఆ వీడియోను ఒక్కో ఫ్రేము చొప్పున జరుపుతూ చూడాలి. గేమ్ 60 ఫ్రేములతో నడుస్తుంటే వీడియోలో ప్రతి నాలుగు ఫ్రేములకు ఒకసారి బొమ్మ మారుతుంది, 30 అయితే ప్రతి ఎనిమిదింటికి. నాలుగు, నాలుగు, నాలుగు అని వస్తున్న వరుసలో ఎక్కడైనా ఎనిమిది వచ్చిందంటే అక్కడ ఒక ఫ్రేము జారిపోయినట్టు. టీవీ మూలన కనిపించే 60 హెర్ట్జ్ అన్న అంకెను ఇందుకు నమ్మకూడదు. మామూలు కనెక్షన్‌లో అది కన్సోల్ పంపే సిగ్నల్ వేగం, లోపల గేమ్ 30 ఫ్రేములతో నడుస్తున్నా అదే అంకె కనిపిస్తుంది.

స్పందన వ్యవధిని కూడా ఇలాగే కొలవాలి. కంట్రోలర్‌నూ తెరనూ ఒకే వీడియోలో పడేలా పట్టుకుని, కెమెరా కోణం మార్చే బటన్ నొక్కాలి. యాక్సిలరేటర్‌గా, బ్రేకుగా వాడే ట్రిగ్గర్‌తో కొలవవద్దు, అది ఏ క్షణాన పని మొదలుపెట్టిందో వీడియోలో కనిపించదు. వేలు బటన్‌ను నొక్కిన ఫ్రేము నుంచి తెర మీద కోణం మారిన ఫ్రేము వరకు లెక్కపెట్టి, ఒక్కో ఫ్రేముకు 4.2 మిల్లీసెకన్ల చొప్పున గుణించాలి. పది సార్లు చేసి, అంకెలను వరుసలో పేర్చి, మధ్య విలువ తీసుకోవాలి. టీవీ సొంత ఆలస్యం కూడా ఇందులో కలిసే ఉంటుంది, అయితే అది రెండు కన్సోళ్లకూ సమానమే కాబట్టి మిగిలే తేడా కన్సోల్‌దీ, గేమ్‌దీ, కంట్రోలర్‌దీ అవుతుంది.

కంట్రోలర్ విషయంలో అంకెలకు అందని తేడా కూడా ఉంది. పీఎస్5 కంట్రోలర్ అయిన డ్యూయల్‌సెన్స్ ట్రిగ్గర్ గట్టిపడి వేలికి ఎదురు నిలుస్తుంది; ఎక్స్‌బాక్స్ ట్రిగ్గర్లలో కంపనం మాత్రమే ఉంటుంది. ఈ రెంటిలోనూ యాక్సిలరేటర్‌ను సగం వరకు నొక్కి పట్టుకోవచ్చు. మరో కన్సోల్ అయిన నింటెండో స్విచ్ ట్రిగ్గర్లు మామూలు బటన్ల వంటివి, నొక్కితే పూర్తిగా, వదిలితే శూన్యం. ‘గ్రిడ్ ఆటోస్పోర్ట్’ వంటి గేమ్‌ను స్విచ్‌లో ఆడేవారు తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు దీన్ని తప్పక గమనిస్తారు. స్టీరింగ్ వీల్ కొనే ఆలోచన ఉంటే ముందే చూసుకోవాలి: లాజిటెక్ జీ29 ప్లేస్టేషన్‌కు, జీ920 ఎక్స్‌బాక్స్‌కు, ఒకటి రెండోదాని మీద పనిచేయదు.

మన ఎండల సంగతి వేరుగా చెప్పాలి. పీఎస్5 పనిచేయడానికి సోనీ చెప్పిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు; మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు మధ్యాహ్నాలు ఈ హద్దును సులువుగా దాటేస్తాయి. అయినా వేడికి దాని వేగం తగ్గదు, ఎందుకంటే ఆ ప్రాసెసర్ వేగం గది వేడిని బట్టి కాక పని భారాన్ని బట్టి మారేలా తయారైంది. వేడి మరీ ఎక్కువైతే హెచ్చరిక చూపి ఆగిపోతుంది. కనుక వేసవిలో పోల్చేవారు ఫ్యాన్ చప్పుడును గంటసేపు ఆడిన తర్వాతే గమనించాలి, రెండు కన్సోళ్లనూ ఒకే పూట చూడాలి.

ఆన్‌లైన్ రేసులను వైఫైతో కాక కేబుల్‌తో, ఒకే వేళలో పరీక్షిస్తే సరిపోతుంది. చివరిగా ఎవరితో ఆడతారన్నది చూడాలి. ఫోర్జా హొరైజన్ 5లో ఎక్స్‌బాక్స్ ఉన్నవారూ పీఎస్5 ఉన్నవారూ కలిసి పోటీపడవచ్చు, కానీ ఒకదానిలో ఆడిన సేవ్ (అప్పటివరకు ఆడి భద్రపరచుకున్న ఆట) రెండోదానికి రాదు. దసరా సెలవులకు బావమరదులు, తమ్ముళ్లు వచ్చి ఒకే టీవీ ముందు కూర్చుని ఆడాలంటే గ్రాన్ టురిస్మో 7లో తెరను పంచుకునే వీలుంది. ఫోర్జా హొరైజన్ 5లో అది ఏ కన్సోల్‌లోనూ లేదు.