లిడియన్ సమాధి శాసనంలో అర్థం తేలని పదాన్ని ఎలా చదవాలి?

లిడియన్ ఒకప్పుడు పశ్చిమ తుర్కియేలోని సార్డిస్ చుట్టుపక్కల మాట్లాడిన భాష. దొరికిన శాసనాలు తక్కువ, వాటిలో చాలావరకు సమాధుల మీదివే. ‘లక్రిసా’ అనే మాటను తీసుకుని చూద్దాం. దీన్ని గోడలని కొందరు, సమాధిలోకి వెళ్లే దారి అని కొందరు, చెక్కిన అక్షరాలని ఇంకొందరు అన్నారు.

ముందు రెండు భాషల్లో ఉన్న రాయిని వెతకండి. 1912లో సార్డిస్ శ్మశానంలో అలాంటిదే బయటపడింది. ఒకే విషయం లిడియన్‌లోనూ, పాత పర్షియా సామ్రాజ్యంలో పాలనకు వాడిన అరమాయిక్ భాషలోనూ ఉంది. పర్షియా రాజు అర్తజెర్జెస్ 10వ పాలనా సంవత్సరంలో, మానెస్ అనే మనిషి సమాధికి వేయించిన శాసనం అది. అయితే లక్రిసాకు సమానంగా వాడిన అరమాయిక్ మాట మీద కూడా వాదాలున్నాయి. కాబట్టి అక్కడే ఆగిపోకూడదు.

తర్వాత వాక్యం మొత్తం చూడండి. ఈ రాయి, ఈ సమాధి, లక్రిసా, సమాధికి ఎదురుగా ఉన్న స్థలం మానెస్‌వి అని శాసనం చెబుతుంది. వీటిలో దేనికి హాని చేసినా ఎఫెసస్ ఆర్టెమిస్, కొలోయె ఆర్టెమిస్ అనే దేవతలు ఆ హాని చేసినవాళ్ల ఇంటినీ ఆస్తినీ నాశనం చేస్తారని శపిస్తుంది. అంటే లక్రిసా ఎవరైనా పాడుచేయగలిగిన వస్తువు.

అసలు పట్టు వ్యాకరణంలో దొరుకుతుంది. జాబితాలో ‘లక్రిసాక్’ అని ఉంటుంది. చివరి ‘క్’ మనం ‘అన్నా, వదినా వచ్చారు’ అని సాగదీసినట్టే, ‘కూడా’ అని కలిపే ముక్క. దాన్ని తీసేసి చూడాలి. శాపం దగ్గర రాయికీ సమాధికీ ఏకవచన ప్రత్యయం ఉంటే, లక్రిసాకు మాత్రం బహువచనం. ఒకే ఒక దారి అనే అర్థం ఇక్కడ నాకు అతకదు. గోడలు, అక్షరాలు మిగులుతాయి. అక్షరాలైతే జాబితాలో రాయి పక్కనే రావాలి కదా! సమాధికీ బయటి స్థలానికీ మధ్య వచ్చింది కాబట్టి నేను గోడల వైపే మొగ్గుతాను.

శబ్దం పోలికను నమ్మకండి. లిడియన్‌లో సమాధి గదిని చెప్పే మాట వింటే మన ‘వాన’ గుర్తొస్తుంది, కానీ రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

చివరికి అనువాదంలో ‘గోడలు(?)’ అని రాయండి. మిగతా రెండు అర్థాలనూ కింద ఇవ్వండి. ఆ ప్రశ్నార్థకాన్ని మాత్రం తీసేయకండి.